24 గంటల్లో స్టార్టప్ వెబ్‌సైట్ చేయాలంటే.. లాప్‌టాప్ కంటే ముందు తెరవాల్సింది నోట్‌బుక్

డిగ్రీ, ఇంజనీరింగ్ చదివే పిల్లల నోట ఈ మధ్య ఎక్కువగా వినిపించే మాట హ్యాకథాన్. ఒకప్పుడు ఇది హైటెక్ సిటీ ముచ్చట. ఇప్పుడు వరంగల్ కాలేజీల్లో టెక్ ఫెస్ట్ పెడితే అందులో ఇదీ ఒక పోటీ. కేసముద్రం నుంచి రైలెక్కి వరంగల్, మహబూబాబాద్ పోయి చదువుకునే పిల్లల వాట్సాప్‌కు కూడా ఆ పోస్టర్ వస్తుంది. 'నలుగురి టీమ్, 24 గంటలు, ఒక స్టార్టప్‌కు వెబ్‌సైట్ డిజైన్ చేయాలి' అని ఉంటుంది. చాలామంది ఆ పోస్టర్ చూసి అక్కడే ఆగిపోతారు. 'మనకు ఇంగ్లీష్ అంతగా రాదు, సిటీ పిల్లలకు కోడింగ్ బాగా వస్తది, మనమేం గెలుస్తం' అనే భయం వాళ్లది.

ఆ భయంలో కొంత నిజం ఉంది, కానీ ఎక్కువ భాగం తెలియకపోవడం వల్ల వచ్చిందే. ఒక్క రోజులో ఎవరూ పెద్ద సాఫ్ట్‌వేర్ రాయలేరు, సిటీ పిల్లలైనా అంతే. ఇంత తక్కువ టైమ్‌లో తేలేది ఒక్కటే: ఆ స్టార్టప్ ఎవరి కోసం పెట్టారో ఆ మనిషిని టీమ్ ఎంత అర్థం చేసుకుంది అన్నది. ఆ విషయంలో చిన్న ఊరి పిల్లలు ఎవరికీ తీసిపోరు. పోటీ ఎలా ఉంటుంది, ఏ పని ముందు చేయాలి, ఎక్కడ దెబ్బతింటారు అనేది ఈ కథనంలో వివరంగా చూద్దాం.

అసలు ఈ పోటీ ఏంటి?

హ్యాకథాన్ అనే మాట 1999లో పుట్టింది. ఓపెన్‌బిఎస్‌డి అనే సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు కెనడాలోని కాల్గరీలో ఒకచోట కూర్చుని పని చేసినప్పుడు ఆ కూటమికి ఈ పేరు పెట్టుకున్నారు. మారథాన్ లాగా ఆగకుండా పని చేయడం అని అర్థం. 2007లో అమెరికాలోని బౌల్డర్ అనే ఊళ్లో స్టార్టప్ వీకెండ్ మొదలైంది. శుక్రవారం సాయంత్రం కూర్చుంటే ఆదివారం రాత్రికి లేస్తారు, మొత్తం 54 గంటలు. అందులో కోడ్ ఒక్కటే సరిపోదు. ఐడియా చెప్పాలి, టీమ్ కట్టాలి, కస్టమర్‌ను అడగాలి, చివరికి అందరి ముందు చూపించాలి.

మన దేశంలో పెద్దది స్మార్ట్ ఇండియా హ్యాకథాన్. 2017లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది. సాఫ్ట్‌వేర్ విభాగం ఫైనల్ 36 గంటలు నడుస్తుంది. టీమ్‌లో ఆరుగురు ఉండాలి, అందులో కనీసం ఒక అమ్మాయి ఉండాలన్నది రూల్. ఇంట్లో 'అమ్మాయికి పోటీలు ఎందుకు' అని అడిగే పెద్దలకు ఈ రూల్ చూపించొచ్చు. అమ్మాయి లేకుంటే ఆ టీమ్‌కు ఎంట్రీయే లేదు.

తెలంగాణలో స్టార్టప్‌లకు దారి చూపే సంస్థలు కూడా ఉన్నాయి. హైదరాబాద్‌లో టీ-హబ్ 2015 నవంబర్‌లో మొదలైంది. మహిళలు పెట్టే వ్యాపారాల కోసం వీ-హబ్ 2018లో వచ్చింది. వరంగల్‌లో అనంతసాగర్ దగ్గర ఎస్ఆర్ ఇన్నోవేషన్ ఎక్స్ఛేంజ్ ఉంది. అంటే పోటీలో మెరిసిన ఐడియాను ఆ తర్వాత ఎక్కడికి తీసుకుపోవాలి అన్నదానికి కూడా జవాబు మన దగ్గర్లోనే ఉంది.

మూడు గడుల్లో ఒక కంపెనీ

స్టార్టప్ వెబ్‌సైట్ ఎలా ఉండాలో తెలుసుకోవడానికి తెలుగువాళ్లకు బాగా దగ్గరి ఉదాహరణ రెడ్‌బస్. తెలంగాణకు చెందిన ఫణీంద్ర సామ 2005 దీపావళికి బెంగళూరు నుంచి సొంతూరు రావాలనుకున్నారు. బస్సు టికెట్ దొరకలేదు. ఏ బస్సులో సీటు ఖాళీ ఉందో ఒక్క చోట చెప్పేవాళ్లే లేరు. 2006లో ఇద్దరు మిత్రులతో కలిసి ఆయన రెడ్‌బస్ మొదలుపెట్టారు. తర్వాత ఆయనే తెలంగాణ ప్రభుత్వానికి తొలి చీఫ్ ఇన్నోవేషన్ ఆఫీసర్ అయ్యారు.

ఆ సైట్‌లో ముందు కనపడేది ఏంటి? ఎక్కడి నుంచి, ఎక్కడికి, ఏ తేదీ. ఈ మూడు గడులు, ఒక బటన్. కంపెనీ చరిత్ర, ఓనర్ ఫోటో, 'మా విజన్' అనే పేరా, ఇవేవీ ప్రయాణికుడికి అడ్డం రావు. పండక్కి ఇంటికి పోవాల్సిన మనిషి మనసులో ఉన్న ప్రశ్నలు ఏ వరుసలో ఉన్నాయో, పేజీ మీద గడులు కూడా అదే వరుసలో ఉన్నాయి. వెబ్‌సైట్ డిజైన్ అంటే అసలు పని ఇదే. రంగులు, బొమ్మలు దీని తర్వాత వస్తాయి.

కేసముద్రం వాళ్లకు ఈ సంగతి 2024 వానల్లో అనుభవానికి వచ్చింది. సెప్టెంబర్ మొదట్లో వరద వచ్చి ఇంటికన్నె, కేసముద్రం మధ్య పట్టాల కింద కంకర కొట్టుకుపోయింది. కాజీపేట, విజయవాడ లైన్‌లో రైళ్లు ఆగిపోయాయి. ఆ రోజుల్లో ఫోన్ పట్టుకున్న ప్రతి మనిషికీ కావాల్సింది ఒక్క ముక్క: నా రైలు ఉందా, లేదా? అలాంటి టైమ్‌లో తిరిగే బొమ్మలు, పెద్ద బ్యానర్లు ఉన్న పేజీ ఎంత అందంగా ఉన్నా అక్కరకు రాదు. రెండు లైన్లలో జవాబు చెప్పే పేజీయే పనికొస్తుంది.

మన ఊరి లెక్కతో ఒక ప్రాక్టీస్

పోటీకి పోయే ముందు ఇంట్లోనే ఒకసారి ప్రాక్టీస్ చేయడం మంచిది. దాని కోసం ఒక స్టార్టప్‌ను ఊహించుకుందాం.

కేసముద్రం అంటే వ్యవసాయ మార్కెట్ యార్డు. సీజన్‌ను బట్టి మిర్చి, పసుపు, మక్కలు, పెసలు వస్తాయి. చుట్టుపక్కల ఊర్లు, తండాల నుంచి రైతులు బస్తాలు వేసుకుని వస్తారు. పది, పదిహేను బస్తాలున్న చిన్న రైతు ఒక్కడే ట్రాలీ మాట్లాడుకుంటే కిరాయి మీద పడుతుంది. ఒకే దారిలో ఉన్న ముగ్గురు రైతులను ఒక ట్రాలీలో కలిపే స్టార్టప్ అనుకుందాం.

ముందు హిసాబ్ చూడాలి. ఇవి లెక్క కోసం వేసుకున్న అంకెలే, యార్డు రేట్లు కావు. ట్రాలీ కిరాయి 1,850 రూపాయలు అనుకుంటే, 12 బస్తాలున్న రైతు ఒక్కడే భరిస్తే బస్తాకు సుమారు 154 రూపాయలు పడుతుంది. 12, 10, 15 బస్తాల ముగ్గురు కలిస్తే మొత్తం 37 బస్తాలు, బస్తాకు 50 రూపాయలు. మూడు చోట్ల ఆగితే డ్రైవర్‌కు టైమ్ పోతుంది కాబట్టి కిరాయి కొంచెం పెరిగినా రైతుకు లాభమే.

మరి స్టార్టప్‌కు ఏం మిగులుతుంది? బస్తాకు 3 రూపాయలు తీసుకుంటే ఒక ట్రిప్పుకు 111 రూపాయలు. ఫోన్లు ఎత్తే ఒక మనిషికి నెలకు 12,000 జీతం ఇవ్వాలంటే నెలలో 109 ట్రిప్పులు నడవాలి. సీజన్‌లో నడుస్తాయా, సీజన్ అయిపోయాక ఏం చేస్తారు? జడ్జి తప్పకుండా అడిగే ప్రశ్న ఇది. టీమ్‌లో ఒక కామర్స్ స్టూడెంట్ ఉంటే ఈ జవాబు ముందే రెడీగా ఉంటుంది. కోడింగ్ రాదు కాబట్టి మాకు పోటీలో పనిలేదు అనుకునే బీకామ్ పిల్లలు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి.

మొదటి మూడు గంటలు

గంట మోగగానే అందరూ లాప్‌టాప్ తెరిచి టెంప్లేట్లు వెతకడం మొదలుపెడతారు. అందులోనే సగం రోజు పోతుంది. మొదటి మూడు గంటలు నోట్‌బుక్, ఫోన్ ఈ రెండే చాలు. ఫోన్ ఎందుకంటే వాడబోయే మనుషులను అడగడానికి.

మన ఉదాహరణలో ఇద్దరు, ముగ్గురు రైతులకు, ఇద్దరు ట్రాలీ డ్రైవర్లకు ఫోన్ చేయాలి. 'మా యాప్ మీకు నచ్చుతదా' అని అడగొద్దు. పిల్లలు అడుగుతున్నారని అందరూ 'మంచిగుంటది బిడ్డా' అంటారు. ఆ మాటతో మనకు ఏమీ తెలియదు. జరిగిపోయిన సంగతి అడగాలి. 'పెద్దనాయనా, పోయినసారి మిర్చి యార్డుకు ఎట్ల తీసుకపోయినవ్? ఎవరికి ఫోన్ చేసినవ్? కిరాయి ఎంత మాట్లాడుకున్నవ్? ఎక్కడ ఇబ్బంది అయింది?' అని అడగాలి. డ్రైవర్‌ను 'చాచా, వచ్చేటప్పుడు బండి ఖాళీగా వస్తున్నదా? పైసలు అప్పుడే ఇస్తున్నరా, పంట అమ్మినంక ఇస్తున్నరా?' అని అడగాలి.

ఇలా అడిగితే గదిలో కూర్చుంటే తట్టని సంగతులు బయటకు వస్తాయి. ముగ్గురి బస్తాలు ఒకే ట్రాలీలో వేస్తే కలిసిపోవా? నా నాణ్యమైన మిర్చి పక్కవాడి లాట్‌లో పడితే ఎవరు జిమ్మేదార్? దారిలో వాన వస్తే పైన కప్పడానికి పట్టా ఉందా? ముందు ఎవరి బస్తాలు దింపుతారు? రైతుకు ఉన్న అసలు భయాలు ఇవి. వీటికి వెబ్‌సైట్ మీద జవాబు ఉన్న టీమ్‌ను, లేని టీమ్‌ను పక్కపక్కన పెడితే తేడా ఎవరికైనా కనపడుతుంది.

తర్వాత ఒక తెల్లకాగితం తీసుకుని మూడే మూడు లైన్లు రాయాలి. ఇది ఎవరి కోసం? వాళ్ల ఏ కష్టం తీరుస్తుంది? ఇప్పుడు వాళ్లు ఏం నొక్కాలి? ఈ మూడూ టీమ్ అంతా ఒకే మాటగా చెప్పగలిగే వరకు ముందుకు పోవద్దు.

మాటలు ముందు, బొమ్మలు తర్వాత

చాలా టీమ్‌లు డిజైన్ అంతా చేసి, రాత ఉండాల్సిన చోట ఏవో అర్థం లేని అక్షరాలు నింపుతాయి. చివర్లో హడావిడిగా రాస్తే పెట్టెల్లో పట్టదు. అందుకే మాటలు ముందు రాసుకోవాలి.

'రైతులకు వినూత్న రవాణా పరిష్కారాలు' అని రాస్తే ఏం అర్థమవుతుంది? 'మీ బస్తాలు పదే ఉన్నా పర్లేదు. పక్క రైతులతో కలిపి ట్రాలీ పంపుతాం. బస్తా లెక్కన కిరాయి కట్టండి' అని రాస్తే చదివిన మనిషికి పని తెలిసిపోతుంది. దాని కింద మూడు గడులు: ఏ ఊరు, ఎన్ని బస్తాలు, ఏ రోజు. పక్కన ఒక పెద్ద ఫోన్ బటన్. నొక్కగానే కాల్ పోవాలి. టైప్ చేయడం రాని మనిషికి అదే దారి.

ఆ కింద రైతు భయాలకు జవాబులు. 'మీ బస్తాల మీద మీ పేరు, నంబర్ రాస్తాం', 'వానకు పట్టా ఉంటుంది', 'కిరాయి బండి ఎక్కేముందే చెప్తాం' అని చిన్న వాక్యాల్లో ఉండాలి. అయితే చేయగలిగిందే రాయాలి. ఒక్క పేజీ చాలు. పది పేజీలు సగం సగం చేసేకంటే ఒక్క పేజీ పూర్తిగా పనిచేయడం నయం.

చిన్న ఫోన్, ఎండ, నెమ్మది నెట్

పేజీని లాప్‌టాప్ మీద కాకుండా ఫోన్ సైజులో ముందు చేయాలి. మామూలు ఆండ్రాయిడ్ ఫోన్ వెడల్పు 360 పిక్సెళ్లు అనుకుని గీస్తే దాదాపు అన్నిట్లో సరిపోతుంది. బటన్లు వేలికి దొరికేంత పెద్దగా ఉండాలి. గూగుల్ ఆండ్రాయిడ్ డిజైన్ సూచనల్లో కనీసం 48 యూనిట్ల ఎత్తు, వెడల్పు ఉండాలని చెబుతుంది.

రంగుల సంగతి. తెల్లటి మీద లేత బూడిద రంగు అక్షరాలు స్క్రీన్ మీద స్టైల్‌గా ఉంటాయి. యార్డులో ఎండకు నిలబడి చూస్తే ఒక్క అక్షరం కనపడదు. వెబ్ అందరికీ అందాలని తయారు చేసిన అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం అక్షరానికి, వెనుక రంగుకు మధ్య తేడా కనీసం 4.5:1 ఉండాలి. దీన్ని లెక్కగట్టే ఉచిత టూల్స్ నెట్‌లో ఉన్నాయి, రెండు నిమిషాల పని. జడ్జి అడిగితే అంకెతో సహా చెప్పొచ్చు.

బరువు కూడా చూసుకోవాలి. ఫోన్‌లో తీసిన ఫోటోను అలాగే పెడితే కొన్ని ఎంబీలు ఉంటుంది. సైజు తగ్గించి వెబ్‌పీ ఫార్మాట్‌లోకి మార్చాలి. పేజీలో ముఖ్యమైన భాగం 2.5 సెకన్లలోపు కనపడితే మంచి పేజీ అని గూగుల్ కొలమానం. నెట్ స్లోగా ఉన్న ఫోన్‌లో మీ పేజీ తెరిచి చూస్తే ఎక్కడున్నారో తెలిసిపోతుంది.

టూల్స్ గురించి ఎక్కువ టెన్షన్ వద్దు. హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్ వస్తే బూట్‌స్ట్రాప్ తీసుకోండి. కోడ్ రాకపోతే వర్డ్‌ప్రెస్ ఉంది. ఫిగ్మాలో నొక్కితే పేజీ మారే నమూనా చేయొచ్చు, అయితే దాన్ని నమూనా అని ఒప్పుకుంటారా అనేది పోటీ రూల్స్‌లో చూసుకోవాలి. వివరాలు తీసుకోవడానికి గూగుల్ ఫామ్ సరిపోతుంది. గిట్‌హబ్ పేజెస్‌లో సైట్ ఉచితంగా పెట్టొచ్చు.

తెలుగు, ఉర్దూ మన బలం

సిటీ టీమ్‌లు చాలావరకు ఇంగ్లీష్‌లోనే చేస్తాయి. మన ట్రాలీ స్టార్టప్‌కు రైతు తెలుగులో చదువుతాడు. డ్రైవర్ ఉర్దూలో సులువుగా చదివేవాడు కావొచ్చు. తెలంగాణలో ఉర్దూ రెండో అధికార భాష, 2017లో అసెంబ్లీలో బిల్లు పాసైంది. రెండు భాషల్లో పేజీ ఇస్తే దానికి ఒక కారణం ఉంది, అది చూపించడానికి పెట్టింది కాదు.

అయితే భాష మార్చడం అంటే గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో వేసి అతికించడం కాదు. మూడు టెక్నికల్ సంగతులు చూసుకోవాలి. ఒకటి, తెలుగు అక్షరాలు యూనికోడ్‌లోనే ఉండాలి. డీటీపీ సెంటర్లలో అను ఫాంట్‌తో టైప్ చేసింది అలాగే వెబ్‌లో వేస్తే పిచ్చి గుర్తులు వస్తాయి. మార్చుకునే కన్వర్టర్లు ఉన్నాయి. రెండు, తెలుగుకు కింద ఒత్తులు, పైన గుడులు ఉంటాయి. ఇంగ్లీష్‌కు పెట్టిన లైన్ల దూరం సరిపోదు, ఒక లైన్ ఒత్తు కింది లైన్ గుడికి తగులుతుంది. దూరం పెంచాలి. మండలి, నోటో సాన్స్ తెలుగు లాంటి ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం.

మూడు, ఉర్దూ కుడి నుంచి ఎడమకు నడుస్తుంది. అక్షరాలు ఒక్కటే తిప్పితే చాలదు, పేజీ దిశ కూడా మారాలి. కోడ్‌లో డిర్ అనే గుర్తుకు ఆర్‌టీఎల్ అని ఇస్తే గడులు కుడి వైపు నుంచి మొదలవుతాయి. నస్తాలిక్ రాత వాలుగా కిందికి దిగుతుంది కాబట్టి తెలుగు కంటే ఇంకా ఎక్కువ ఎత్తు కావాలి. నోటో నస్తాలిక్ ఉర్దూ ఫాంట్ ఉచితంగా దొరుకుతుంది. ఫోన్ నంబర్లు, రేట్లు ఉర్దూ వాక్యం మధ్యలో తిరగబడకుండా ఒకసారి కళ్లతో చదివి చూడాలి. టీమ్‌లో ఉర్దూ చదివే ఒక్కరు ఉన్నా ఈ పని గంటలో అయిపోతుంది. మన ఇళ్లలో అలాంటి పిల్లలు ఉన్నారు, తమకు ఇదొక హునర్ అని వాళ్లకే తెలియదు.

పేజీ మీద అబద్ధం వద్దు

పోటీలో ఎక్కువ టీమ్‌లు జారేది ఇక్కడే. నిన్న పుట్టిన స్టార్టప్ పేజీ మీద '10,000 మంది సంతృప్తి చెందిన కస్టమర్లు' అని ఉంటుంది. నెట్‌లో దొరికిన ఫోటో పెట్టి 'రైతు అభిప్రాయం' అని రాస్తారు. 'ఇంకా 2 సీట్లే మిగిలాయి' అని ఎర్ర అక్షరాలు. పోటీయే కదా అనుకుంటారు. కానీ అలవాటు ఇక్కడే మొదలవుతుంది.

కస్టమర్‌ను ఇలా తొందరపెట్టి, తికమకపెట్టి నొక్కించే పద్ధతులను డార్క్ ప్యాటర్న్స్ అంటారు. కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ 2023 నవంబర్‌లో వీటిని అడ్డుకోవడానికి మార్గదర్శకాలు తెచ్చి 13 రకాలను పేర్కొంది. లేని తొందర చూపించడం, చివర్లో రేటు పెంచడం, అడగకుండా బుట్టలో వస్తువు వేయడం, వద్దంటే సిగ్గుపడేలా రాయడం ఇవన్నీ అందులో ఉన్నాయి.

ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లు పాటించాల్సిన ఈ-కామర్స్ రూల్స్ 2020లో వచ్చాయి. వ్యాపారం అసలు పేరు, అడ్రస్, ఫోన్, ఈమెయిల్, ఫిర్యాదులు తీసుకునే అధికారి వివరాలు సైట్‌లో కనపడాలి. ఫిర్యాదు వస్తే 48 గంటల్లో అందిందని చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో పాసైంది. ఏ పనికి వివరాలు అడుగుతున్నామో చెప్పి, ఆ పనికి కావాల్సినవే తీసుకోవాలన్నది దాని సారం. ట్రాలీ పంపడానికి ఆధార్ నంబర్ ఎందుకు? పుట్టిన తేదీ ఎందుకు? ఊరు, ఫోన్ నంబర్, బస్తాల లెక్క చాలు. మనిషి ఇచ్చిన నంబర్ మన దగ్గర అమానత్ లాంటిది.

కస్టమర్లు లేకుంటే లేరని రాయండి. 'ఇప్పుడే మొదలుపెడుతున్నాం, ఈ సీజన్‌లో మొదట మూడు ఊర్లకు నడుపుతాం' అన్న వాక్యం అబద్ధపు పదివేల కంటే బలంగా ఉంటుంది. జడ్జి ఒక్క ప్రశ్న వేస్తే అబద్ధం కూలిపోతుంది, నిజానికి ఆ భయం లేదు.

ఎవరి పని ఏంటి, ఏ గంటకు ఏంటి

నలుగురు టీమ్ అయితే ఒకరు పేజీ కట్టాలి, ఒకరు గీయడం, రంగులు, ఫోటోలు చూసుకోవాలి, ఒకరు మాటలు, రెండు భాషలు, ఒకరు ఫోన్లు, హిసాబ్, చివర్లో చెప్పడం. ఒకరి మాట చివరి మాట అని ముందే అనుకోవాలి. రాత్రి రెండింటికి రంగు మీద పంచాయితీ పెట్టుకోకుండా ఉండటానికి అదొక్కటే మందు.

పోటీ ఉదయం పదికి మొదలైతే గంటల లెక్క ఇలా వేసుకోవచ్చు. ఒంటి గంట వరకు అడగడం, కాగితం. మూడు వరకు మాటలు రాయడం. రాత్రి ఎనిమిది వరకు మొదటి పేజీ. ఎనిమిది నుంచి తొమ్మిది వరకు టెస్ట్. రెండింటి దాకా సరిదిద్దడం. రెండు నుంచి ఆరు వరకు వంతుల వారీగా నిద్ర. ఆరు నుంచి ఎనిమిది వరకు వేరే వేరే ఫోన్లలో చెక్ చేయడం. ఎనిమిది తర్వాత కోడ్ ముట్టొద్దు. మిగిలిన రెండు గంటలు చెప్పడం ప్రాక్టీస్. తిండి, నమాజ్, కాసేపు కునుకు ఇవన్నీ టైమ్‌టేబుల్‌లోనే రాసుకోండి. నిద్ర లేకుండా తెల్లవార్లూ కొట్టిన కోడ్‌లో తప్పులు పొద్దున బయటపడతాయి.

టెస్ట్ గురించి ఒక మాట. వెబ్‌సైట్ల వాడకం మీద ఏళ్ల తరబడి పని చేసిన జాకబ్ నీల్సన్ 2000లో రాసిన వ్యాసంలో ఐదుగురితో పరీక్షిస్తే చాలా సమస్యలు తెలిసిపోతాయని చెప్పారు. లింక్‌ను ఐదుగురికి పంపి వీడియో కాల్ చేయండి. 'కాకా, ఎల్లుండి పది బస్తాలు పంపాలె. ఈ ఫోన్‌ల ఎక్కడ నొక్కుతవ్?' అని అడిగి నోరు మూసుకోవాలి. 'అక్కడ కాదు కాకా, పైన' అని చెప్పొద్దు. కాకా వేలు ఎక్కడ ఆగిందో అక్కడ మన డిజైన్ తప్పింది. తప్పు కాకాది కాదు.

ఐదు నిమిషాల్లో చెప్పడం

చివర్లో స్టేజ్ మీద టైమ్ తక్కువ ఇస్తారు. టీమ్ పరిచయం, కాలేజీ పేరు, థాంక్స్ చెప్పేసరికి సగం అయిపోతుంది. నేరుగా మనిషితో మొదలుపెట్టాలి: 'పన్నెండు బస్తాల మిర్చి ఉన్న రైతు ట్రాలీ మొత్తం కిరాయి కడుతున్నాడు.' తర్వాత ఫోన్‌లో బుకింగ్ చేసి చూపించాలి. తర్వాత హిసాబ్. తర్వాత ఇంకా ఏం చేయలేదో కూడా చెప్పాలి.

హాల్‌లో నెట్ పోవడం మామూలే. స్క్రీన్ రికార్డింగ్ ఒకటి, ఫోటోలు కొన్ని ఫోన్‌లో, పెన్‌డ్రైవ్‌లో ముందే పెట్టుకోవాలి. ఇంగ్లీష్‌లో చెప్పాలన్న రూల్ లేకపోతే తెలుగులో చెప్పొచ్చా అని నిర్వాహకులను ముందే అడగండి. ఇంగ్లీష్‌లోనే చెప్పాలంటే చిన్న వాక్యాలు రాసుకుని పదిసార్లు బయటికి చదవండి. మార్కులు దేనికి ఎన్ని అనేది రూల్స్ కాగితంలో ఉంటే మొదటి గంటలోనే చదివి గోడకు అతికించుకోండి.

గెలిచినా ఓడినా హిసాబ్ రాసుకోండి

పోటీ అయిపోయాక గొడవలు మొదలయ్యేది ఇక్కడ. ప్రైజ్ మనీ ఎవరిది? సైట్ ఎవరిది? ఐడియాను ఒకరు కంపెనీగా మార్చితే మిగతా ముగ్గురి సంగతి? దోస్తుల మధ్య కాగితం ఎందుకు అంటారు. దోస్తీ నిలవాలంటేనే కాగితం కావాలి.

మన కాపీరైట్ చట్టం 1957 ప్రకారం రాసిన, గీసిన పనికి సాధారణంగా చేసినవాళ్లే మొదటి హక్కుదారులు. కొన్ని పోటీల రూల్స్‌లో హక్కులు నిర్వాహకులకో, స్పాన్సర్‌కో పోతాయని ఉంటుంది. సంతకం చేసే ముందు ఆ లైన్ చదవాలి. ఇక నలుగురూ కలిసి నిజంగానే వ్యాపారం నడిపితే 1932 భాగస్వామ్య చట్టం వర్తించొచ్చు. వేరే ఒప్పందం లేకపోతే లాభనష్టాలు భాగస్వాములందరికీ సమానం అని అందులో ఉంది. ఒకరు రాత్రింబవళ్లు కష్టపడినా, ఒకరు పేరుకే ఉన్నా వాటా సమానమే. అందుకే ఎవరి వాటా ఎంత, డొమైన్ పేరు ఎవరి పేరు మీద, పాస్‌వర్డ్‌లు ఎవరి దగ్గర అనేది ఒక పేజీలో రాసి నలుగురూ సంతకం పెట్టాలి.

ఓడిపోయినా చేతిలో మిగిలేది తక్కువేం కాదు. పని చేసే ఒక సైట్ లింక్ ఉంటుంది. మొదటి ఉద్యోగం ఇంటర్వ్యూలో, ఊళ్లో ఒక షాపు వాళ్లకు వెబ్‌సైట్ చేసిపెడతానని అడిగేటప్పుడు సర్టిఫికెట్ కంటే ఆ లింక్ ఎక్కువ మాట్లాడుతుంది. ఎవరిని అడిగాం, ఏం తెలిసింది, ఏం మార్చాం అనేది పక్కనే అర పేజీలో రాసి పెట్టుకుంటే ఇంకా మంచిది.

యార్డులో కాంటా ముందు నిలబడ్డ రైతు కష్టం ఏంటో కేసముద్రం పిల్లలకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. వాళ్ల ఇంట్లోనో, పక్కింట్లోనో రోజూ వినే ముచ్చటే. దాన్ని ఒక్క పేజీలో, చదివేవాళ్ల భాషలో, అబద్ధం లేకుండా పెట్టడం నేర్చుకుంటే చాలు. ఈసారి ఆ పోస్టర్ వాట్సాప్‌లో వస్తే స్క్రోల్ చేసి వదిలేయకండి. నలుగురిని కూడగట్టి, ఒక ఆదివారం ఇంట్లోనే ఈ ప్రాక్టీస్ చేసి, తర్వాత ఫామ్ నింపండి.